పాలపిట్ట అప్పజెప్పని మాట

రండి, దగ్గరికి జరగండి. గోడకి ఆనుకున్నవాళ్ళూ, మీరు కూడా. కూచున్నారా? ఊఁ కొట్టాలి మరి.

అనగనగా ఒక అడవిలో ఎదురెదురుగా రెండు కొండలు. వానాకాలం వస్తే నడుమ లోయంతా మబ్బు కమ్మేసేది. ఎగిరే పిట్టకి తన ముక్కు కూడా కనపడేది కాదు. అందుకని పక్షులన్నీ కలిసి తూర్పు కొండ మీద తీతువును, పడమటి కొండ మీద పాలపిట్టను కాపలా పెట్టాయి. ఏ గుంపు ఎంత ఎత్తున లోయ దాటాలో అవే చెప్పాలి. వాటికి ఒకటే కట్టుబాటు. ఒకరు చెప్పింది రెండోవారు తిరిగి అప్పజెప్పాలి.

ఒకనాడు తీతువు కేకేసింది. "వదినా! చిలకలొస్తున్నాయి, చెట్ల ఎత్తున!"

"చిలకలు, చెట్ల ఎత్తున!" అంది పాలపిట్ట.

కాసేపటికి మళ్ళీ, "వదినా! గువ్వలొస్తున్నాయి, బండ ఎత్తున!"

"గువ్వలు, బండ ఎత్తున! అబ్బబ్బ, నాకేమన్నా చెవుడా? ఎన్నిసార్లు అప్పజెప్పించుకుంటావు వదినా!"

మూడోసారి కేక వచ్చేసరికి పాలపిట్ట తడిసిన రెక్క దువ్వుకుంటోంది.

"వదినా! కొంగలొస్తున్నాయి, శిఖరం ఎత్తున! పిల్లలున్నాయి, ఇదే మొదటిసారి ఎగరడం!"

"ఆఁ ఆఁ, విన్నాలే!" అంది. నిజానికి ఒక్క ముక్కా వినలేదు.

వదిన తన మాట అప్పజెప్పలేదని తీతువు గమనించింది. మళ్ళీ అడిగితే వదిన విసుక్కుంటుందని ఊరుకుంది. కొంగల్ని పొమ్మంది.

అంతలో పడమటి వైపు నుంచి బాతులు వచ్చాయి. "అక్కా, ఎంత ఎత్తున పోవాలి?"

"శిఖరం ఎత్తున పోండి. అక్కడెవరూ లేరు!"

బాతులు మబ్బులో దూరాయి.

టపటపా! మబ్బులో రెక్కలు రెక్కలకు కొట్టుకున్నాయి. ఒక్క అరుపు. ఆపైన చప్పుడే లేదు.

గాలికి ఒక తెల్లటి ఈక తేలుతూ వచ్చి పాలపిట్ట కాళ్ళ దగ్గర పడింది. బుల్లి ఈక.

"కొంగ ఈక! కొంగలెప్పుడొచ్చాయి వదినా?" అంది పాలపిట్ట.

"చెప్పాను కదా! నువ్వు విన్నానన్నావు కదా!"

పాలపిట్ట గబగబా లోయలోకి దిగింది.

కింద తల్లికొంగ రెక్క విరిగిన పిల్లను పొదువుకుని కూచుంది. "బతికింది. ఇక ఎగరలేదు," అంది. ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. అదే పాలపిట్టకి గుండెల్లో గుచ్చుకుంది.

ఆనాటి నుంచి పాలపిట్ట ప్రతి మాటా అప్పజెప్పింది. ఆ మాట తిరిగి వినేదాకా తీతువు ఏ గుంపునీ కదలనివ్వలేదు.

నీతి: "విన్నాను" అంటే చాలదు, విన్నది తిరిగి చెప్పాలి, చెప్పినవారు అది అడిగి తీరాలి.

ఇక ఇళ్ళకి పోయి అన్నాలు తినండి. రేపు బడి ఏడింటికే. ఏదీ, నేనేం చెప్పానో చెప్పి మరీ లేవండి!