పేరమ్మ కుడితి తొట్టి

చెంచయ్య స్వామివారిని ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన జవాబు చెప్పరు, పని చెబుతారు. దేవుడున్నాడా లేడా అని వాదించడానికి వచ్చిన ఒక లెక్చరరు గారి చేత ఆ వేసవంతా ఆశ్రమంలో మొక్కలకు నీళ్ళు తోడించారు. ఆయన వెళ్ళిపోయే రోజున దేవుడి మాటే ఎత్తలేదు. కొత్తగా నాటిన కొబ్బరి మొక్క బతుకుతుందా అని మాత్రం దిగులుగా అడిగి బస్సెక్కారు. ఆ స్వామి పాదాలకు ఇక్కణ్ణుంచే ఒక దండం పెట్టుకుని, మాల్యాద్రి సంగతి మీకు చెబుతాను. వెనక కూర్చున్న తల్లులు కాస్త ముందుకు జరగండి. ఇందులో వేదాంతం కొంచెమే, గేదె ఎక్కువ.

మాల్యాద్రిది ఆశ్రమానికి రెండు ఊళ్ళ అవతల. కాస్త మెట్ట పొలం, రెండు గేదెలు, ఒక ఎర్రావు, గుప్పెడు మేకలు, ఇదీ ఆయన సంసారం. కొడుకు చేతికి అందివచ్చాడు, కూతురు అత్తవారింట సుఖంగా ఉంది, ఇక నేను భగవంతుణ్ణి చూసుకోవాలి అని ఒక ఉదయం భార్య సుబ్బాయమ్మతో చెప్పాడు. ఆమె పేడ ఎత్తుతూ, తలైనా తిప్పకుండా, "చూసుకుని రా" అంది. అంత పెద్ద మాటకి అంత చిన్న జవాబు వస్తుందని ఆయన అనుకోలేదు. ఆ కాస్త చిన్నబుచ్చుకోవడమే ఆయన్ని గుమ్మం దాటించిందని గిట్టనివాళ్ళు అంటారు గానీ, మనం అనకూడదు. భక్తి ఏ దారిన వచ్చినా భక్తే.

ఆశ్రమంలో ఆయన్ని వేలెత్తి చూపడానికి లేదు. కోడి కూయకముందే లేచేవాడు, ఊడ్చేవాడు, జపం చేసేవాడు, ఒక్క పూట తినేవాడు. దండెం మీద ఆరేసిన కాషాయాలు చూసినప్పుడల్లా నాకెప్పుడు స్వామీ అన్నట్టు నిలబడేవాడు. "చూద్దాం నాయనా" అనేవారు స్వామి. అలా చూస్తూ చూస్తూ వర్షాకాలం వెళ్ళిపోయింది.

ఆయనకున్న సరదా అల్లా ఒక్కటే. రోజూ దీపాలు పెట్టే వేళకి ఊళ్ళన్నీ తిరిగి పాలు పోగుచేసుకునే వ్యాను ఆశ్రమం మెట్ల కింద రోడ్డు మీద ఆగుతుంది. దాన్ని నడిపే మస్తాను మాల్యాద్రి ఊరి మీదుగానే వస్తాడు. ఊరివాడు కనుక మర్యాదకి పలకరించాలి కదా అని మాల్యాద్రి మెట్లు దిగి వెళ్ళేవాడు. మీ ఎర్రావు ఈనింది పెద్దాయనా అని మస్తాను చెబితే, "నాకెందుకయ్యా అవన్నీ" అని కొండ వైపు తిరిగేవాడు. తిరిగి, ఆ కొండనే అడుగుతున్నట్టు, "జున్నుపాలు దూడని కడుపారా తాగనిచ్చారా లేదా?" అనేవాడు. ఇవాళ మా ఇంటి పాలకి ఫ్యాట్ ఎంత వచ్చింది, పెద్ద గేదెకి దగ్గు తగ్గిందా, మావాడు మేకలకి నట్టల మందు పట్టించాడా, ఇలాంటివి నాలుగు మర్యాదలు ముగించుకుని పైకి వచ్చి, చేతులు కాళ్ళు కడుక్కుని ధ్యానానికి కూర్చునేవాడు.

అలాంటి మాల్యాద్రి ఒక ఉదయం ఉండబట్టలేక స్వామి ముందు మోకరిల్లాడు.

"స్వామీ, ఇల్లు వదిలి వచ్చాను. కట్టుబట్టలు తప్ప ఏమీ తెచ్చుకోలేదు. కానీ కళ్ళు మూసుకుంటే చాలు, నా మనసు పోయి మా పశువుల పాకలో నిలబడుతోంది. దాన్ని ఎట్లా కట్టెయ్యాలి?"

"దానంతటదే పోతోందా?" అన్నారు స్వామి.

"దానంతటదే స్వామీ. నేను పిలవను, తోలను."

స్వామి తల ఊపారు. ఇంకేదో అనబోతున్నట్టే ఉన్నారు గానీ, అంతలో మెట్ల మీద గలాటా వినిపించింది. ఆశ్రమం కింద రేగులపాలెంలో తూర్పు వీధి అంకమరావు ముందు, పడమటి వీధి పేరమ్మ వెనక, ఒకరి మాట ఒకరికి అందకుండా మాట్లాడుకుంటూ పైకి వచ్చారు. తగువు ఒక గేదె గురించి. దాని పేరు దొరసాని. పేరమ్మ దాన్ని పెయ్యగా ఉన్నప్పటి నుంచి సాకింది. ఇప్పుడు ఆమెకి మోకాళ్ళు అరిగిపోయి, పాలు పితకడానికి గొంతుక్కూర్చుంటే లేవలేకపోతోంది. అందుకని దూడతో సహా అంకమరావుకి అమ్మింది. ఆ దేశంలో గొడ్డుని అమ్మినా పలుపుతాడు మాత్రం ఇవ్వరు. ఆ తాడు గడప దాటితే ఇంట్లో పాడి కూడా దాని వెంటే పోతుందని నమ్మకం. కొన్నవాడు తన తాడు తెచ్చుకుని తోలుకుపోవాలి. అంకమరావు కొత్త నైలాను తాడు తెచ్చి, పసుపు రాసి, హారతిచ్చి మరీ తోలుకుపోయాడు.

ఇంతా చేస్తే దొరసాని పొద్దంతా మందతో మేసి, సాయంత్రం కూడలి దగ్గరికి రాగానే తూర్పుకి తిరగకుండా, దూడని వెంటేసుకుని తిన్నగా పేరమ్మ పాకలోకి పోయి నిలబడేది. అక్కడే చేపేది. అంకమరావు ఇంట్లో పొదుగు నిండా పాలున్నా చుక్క దించేది కాదు. పాపం పేరమ్మే మూలుగుతూ కూర్చుని పితికి, ఒక్క గ్లాసైనా ఉంచుకోకుండా పాలన్నీ అంకమరావుకి పంపేది. నువ్వు కొన్నది గేదెను కాదు, చుట్టాన్ని అని అంకమరావు పెళ్ళాం వీధంతా వినిపించేలా అంటోందట. అమావాస్య లోపల గేదె కుదురుకోకపోతే తిరిగిచ్చేస్తానంటాడు అంకమరావు. తిరిగొస్తే ఈ మోకాళ్ళతో నేను చూడలేను సామీ, కటికోడికి తోలాల్సొస్తది అంటుంది పేరమ్మ.

స్వామి అందరి వైపూ చూసి, చివరికి మాల్యాద్రి దగ్గర ఆగారు.

"నాయనా, పశువులు తెలిసినవాడివి. ఆ గేదెను అంకమరావు ఇంట నిలబెట్టు. అది నిలిచిన రోజున నీకు కాషాయ బట్ట ఇస్తాను."

వైకుంఠానికి వెళ్ళే తోవలో గేదె అడ్డంగా నిలబడుతుందని మాల్యాద్రి కలలో కూడా అనుకోలేదు. అయినా నడుం బిగించాడు. మొదటి సాయంత్రం కూడలిలో చేతులు చాచి నిలబడ్డాడు. దొరసాని ఆయన్ని చూసి, పెద్దవారికి దారి ఇచ్చినట్టు పక్కకి తప్పుకుని, జామతోట వెనకగా పేరమ్మ ఇంటికి చేరింది. మర్నాడు మెడకి గుదిబండ కట్టాడు. అంత మొద్దునీ ముంగాళ్ళ మధ్య ఊపుకుంటూ, కొత్త నగ పెట్టుకున్నదానిలా, అది నింపాదిగా పడమటి వీధంతా చూపించుకుంటూ పోయింది. ఇంటి దగ్గరే కట్టేసి మేత వేయించాడు. అంకమరావు పత్తిచెక్క నానబెట్టి పెట్టాడు, పచ్చజొన్న తెచ్చి వేశాడు. దొరసాని దేనికీ నొచ్చుకోలేదు, అంతా తినేసింది. తిని, పడమటి వైపు మూతి పెట్టి, చీకటి పడేదాకా అరిచింది. మా పిల్లలు చదువుకోవద్దా అని పక్కింటివాళ్ళు వచ్చి అడిగారు.

చివరికి మాల్యాద్రి దాని ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, గంగడోలు నిమురుతూ బోధ మొదలుపెట్టాడు. ఈ పాకా శాశ్వతం కాదు, ఆ పాకా శాశ్వతం కాదు, పాతదాన్ని పట్టుకుని వేలాడటమే దుఃఖానికి మూలం అన్నాడు. దొరసాని అరమోడ్పు కళ్ళతో నెమరు వేస్తూ అంతా విన్నది. అంత శ్రద్ధగా తన మాట విన్నవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరే అని ఆయనకి ఒక్క క్షణం గుండె తడి అయింది. "అయిందా పెద్దాయనా? ఇప్పేస్తే యాడికి పోయిద్దో చూద్దాం" అన్నాడు అంకమరావు. విప్పారు. ఎక్కడికి పోయిందో మీకూ తెలుసు.

అమావాస్య దగ్గర పడింది. దండెం మీది కాషాయం ఆయనకి రోజురోజుకీ ఎత్తు పెరుగుతున్నట్టు కనిపించింది. అప్పుడు తట్టింది, ఇన్నాళ్ళూ గేదె వెనకాల నడిచాను గానీ, అది చేరే చోట దానికంటే ముందు నిలబడి చూడలేదే అని. ఆ సాయంత్రం మంద రాకముందే పేరమ్మ పాక దగ్గరికి పోయి, గడ్డివామి చాటున నిలబడ్డాడు.

పాకంతా ఊడ్చి, నీళ్ళు చల్లి ఉంది. కట్టుగొయ్యకి పాత పలుపుతాడు ఆముదం రాసి నిగనిగలాడుతూ వేలాడుతోంది. పేరమ్మ తొట్టి మీదికి వంగి, బియ్యం కడుగు, గంజి, తవుడు పోసి, చిన్న బెల్లం ముక్క వేసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి కలుపుతోంది. ఇంట్లో కోడిపెట్ట తప్ప మరో ప్రాణి లేదు. కలిపి, చెయ్యి దులుపుకుని, వీధి వైపు చూసింది. దొరసాని మలుపు తిరగ్గానే, "మళ్ళీ వచ్చావా సిగ్గులేనిదానా, అమ్మేస్తే పోవేం" అని తిట్టడం మొదలెట్టింది. తిడుతూనే తొట్టిని కాలితో దాని వైపుకి జరిపింది.

మాల్యాద్రి గడ్డివామి చాటు నుంచి దొంగను పట్టిన పోలీసులా బయటికి వచ్చాడు. ఇదేమిటమ్మా అన్నాడు.

"అదే వస్తంది సామీ. నేనేమన్నా పిలిచానా? బియ్యం కడుగు పారబోయటానికి చెయ్యి రాక తొట్లో పోస్తన్నా, అంతే."

"బెల్లం ముక్క కూడా పారబోయలేకే వేశావా?"

పేరమ్మ వంగి తొట్టి సర్దింది. మాల్యాద్రి అందుకున్నాడు. గేదెకు చెప్పినదానికి మూడింతలు ఆమెకు చెప్పాడు. గేదె తప్పు ఏమీ లేదమ్మా, నువ్వు దాన్ని అమ్మావు గానీ పంపలేదు, ఇక్కడ తొట్టి నిండుతున్నంతకాలం అది అక్కడ నిలవదు, నిలవకపోతే ఏమవుతుందో నీకూ తెలుసు అన్నాడు. అంత బాగా తాను ఎప్పుడూ మాట్లాడలేదని ఆయనకే అనిపించింది. ఆ పలుపుతాడు కూడా అంకమరావుకి ఇచ్చెయ్యి అన్నాడు.

"పలుపు ఇస్తే ఇంట్లో పాడి పోయిద్దంట సామీ."

ఇప్పుడు నీ ఇంట్లో ఏ పాడి ఉందని అడగబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. అది ఆయన చేసిన మంచి పని. పేరమ్మే ఆ తాడుని కొయ్య నుంచి విప్పి, చుట్ట చుట్టి ఆయన చేతిలో పెట్టింది. కుడితిలో తవుడు కంటే గంజి ఎక్కువ పోయాలనీ, బెల్లం మరవొద్దనీ అంకమరావుకి చెప్పమంది.

మర్నాడు సాయంత్రం తొట్టి బోర్లించి ఉంది. దొరసాని వచ్చి దాన్ని వాసన చూసింది. మూతితో ఒకసారి నెట్టి చూసింది. మూసిన తలుపు వైపు తిరిగి పిలిచింది. లోపల్నుంచి పేరమ్మ గొంతు వచ్చింది: "ఇంట్లో ఎవరూ లేరు. పో."

దొరసాని ఇంకాసేపు నిలబడింది. తర్వాత దూడని నాకి, వచ్చిన దారినే వెనక్కి తిరిగింది. తూర్పు వీధిలో తన పాత పలుపు వాసన తగిలింది, తెలిసిన రుచి కుడితి దొరికింది. ఇంకో నాలుగు సాయంత్రాలు పడమటి వీధి మొదట్లో ఆగి అటు చూసేది గానీ, అడుగు వెయ్యలేదు. అమావాస్య నాటికి మంద నుంచి తిన్నగా అంకమరావు ఇంటికి వచ్చి, నిలబడి చేపింది. చుట్టం కాపురానికి వచ్చిందని అంకమరావు పెళ్ళాం వీధి వీధంతా చెప్పుకుంది.

మాల్యాద్రి స్నానం చేసి, విభూతి పెట్టుకుని స్వామి ముందుకు వెళ్ళాడు. జరిగిందంతా చెప్పాడు. గేదె దానంతట అది పోవడం లేదు స్వామీ, ముసలమ్మ రోజూ ఆ వేళకి కుడితి కలిపి పెడుతోంది, పైగా పిలవలేదంటుంది, మనుషులు తమను తాము ఎంత మోసం చేసుకుంటారో చూడండి అని నవ్వాడు. స్వామి కూడా నవ్వారు. దండెం మీది కాషాయం తీసి, మడత పెట్టి ఒళ్ళో ఉంచుకున్నారు. మాల్యాద్రి కళ్ళు చెమర్చాయి. రెండు చేతులూ చాచాడు.

అప్పుడే దీపాలు పెడుతున్నారు. మెట్ల కింద రోడ్డు మీద పాల వ్యాను హారను మోగింది.

చాచిన చేతులు చాచినట్టే ఉన్నాయి. మెడ మాత్రం రోడ్డు వైపు తిరిగింది. పెద్ద గేదెకి డాక్టరు సూది వేసి వెళ్ళాక ఎలా ఉందో ఇవాళ కనుక్కొస్తానని మస్తాను నిన్ననే చెప్పి ఉన్నాడు. ఒక కాలు, ఆయనకి తెలియకుండానే, వెనకున్న మెట్టు మీదికి దిగింది. స్వామి ఆ కాలి వైపు చూశారు, కాషాయాన్ని మళ్ళీ దండెం మీద వేశారు.

"వెళ్ళిరా నాయనా" అన్నారు. "కుడితి వేళయింది."