చువ్వల మధ్య చోటు

పురుషోత్తం మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. "అలాగా," అని వేరే పనిలో పడిపోయేవారు. అడిగినవాళ్లు ఆయనకి సరిగా వినపడలేదేమో అనుకుని ఊరుకునేవారు. కొన్నాళ్ల తర్వాత ఆయన వాళ్లకేదో పని అప్పగించేవారు. ఆ పని పూర్తయ్యాక గాని, తామడిగినదానికి అదే జవాబని వాళ్లకు తట్టేది కాదు. ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్పినన్నాళ్లూ ఇదే వరస. రిటైరయి, వంతెనలు కట్టేవాళ్లకు సలహాదారుగా తిరుగుతున్నప్పుడూ ఇదే వరస.

ఈదురుగెడ్డ అనే కొండవాగు మీద వంతెన కడుతున్న రోజుల్లో ఆయన శిష్యురాలు సుచరిత ఒక ప్రశ్న అడిగింది. ఆ వంతెనకి డిజైను చేసింది ఆ అమ్మాయే. చేసిన లెక్కలు మాస్టారు సరిచూసేవారు. సైటు షెడ్డులో డ్రాయింగులు ముందేసుకుని కూర్చుని, తలెత్తకుండానే అడిగింది.

"మాస్టారూ, వంతెన పడిపోకుండా ఉండాలంటే ఎంత ఇనుము వేస్తే చాలంటారు?"

లెక్క తెలియక అడిగిన ప్రశ్న కాదు. లెక్కలో ఆమెకు తిరుగు లేదు. కిందటి వానల్లో ఎక్కడో ఒక వంతెన కూలింది. ఆ ఫొటో ఆమె ఫోనులోకి వచ్చింది. విరిగిన అంచున ఒక స్కూటరు నిలబడి ఉంది, దాని హ్యాండిలుకి టిఫిను క్యారేజీ వేలాడుతోంది. మనిషి లేడు. ఆ వంతెనతో సుచరితకు ఏ సంబంధమూ లేదు. అయినా ఆనాటి నుంచీ గీత గీసే చెయ్యి ఆమె మాట వినడం మానేసింది. లెక్క ప్రకారం ఒక వరస చువ్వలు చాలన్న చోట ఇంకో వరస గీసేది. గీశాక కాసేపు గుండె కుదుటపడేది. సాయంత్రానికి మళ్లీ ఆ క్యారేజీ కళ్లముందు ఊగేది. మర్నాడు మరికొన్ని చువ్వలు చేరేవి.

మాస్టారు డ్రాయింగు తన వైపు తిప్పుకున్నారు. అది పియర్ క్యాప్‌ది. ఏట్లో నిలబడ్డ స్తంభం నెత్తిన, రెండు చేతులూ చాపినట్టు అడ్డంగా ఉండే కాంక్రీటు దిమ్మె. వంతెన దూలాలన్నీ దాని మీదే కూర్చుంటాయి. కాగితం మీద చువ్వల గీతలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టున్నాయి. ఆయన కాసేపు చూసి, "అలాగా," అని మడిచి ఇచ్చేశారు.

రెండు రోజుల తర్వాత కాంట్రాక్టరు తరఫున సైటు చూసుకునే దాలినాయుడు కోపంగా షెడ్డులోకి వచ్చాడు.

"మేడమ్, ఇదేటండీ? క్యాప్ పోసేముందు దాని చివర ముక్కొకటి నేల మీద పోసి చూపించమంటున్నారు మాస్టారు. అచ్చం అవే చువ్వలు, చుట్టూ అవే అచ్చు పలకలు. పోసి మళ్లీ పగలగొట్టాలట! కొండల మీద మబ్బు కడతంది, ఇప్పుడు ఆటలాడుకుంటామా?"

సుచరితకూ ఆ మాటే నిజమనిపించింది. గెడ్డలో నీళ్లు లేని రోజులు అయిపోవస్తున్నాయి. క్యాప్‌లు పోసేసి, వరద రాకముందే క్రేను దింపి దూలాలు ఎక్కించేస్తే, వాటి మీద చెక్కలు పరిచి ఈ ఏడాదికి మనుషులనైనా దాటించవచ్చు. లేకపోతే అవతలి ఊళ్లవాళ్లు వానాకాలమంతా కొండచుట్టూ తిరిగి రావాలి. అవతలి నుంచి వారం వారం సంతకి చింతపండు గంప నెత్తిన పెట్టుకుని వచ్చే ఎర్రమ్మ, పని జరుగుతున్న చోట ఆగి ఒకే మాట అడిగి పోయేది. "ఈయేడు దాటించేస్తావేటమ్మా?" సుచరిత ప్రతిసారీ దాటిస్తానని చెప్పేది.

ఆమె మాస్టారి దగ్గరికి వెళ్లింది. "ఎక్కువ చువ్వలు వేస్తే తప్పేముంది మాస్టారూ? బలమే కదా? ఈ పరీక్ష వల్ల రోజులు పోతాయి. వరద ముందొస్తే ఏం చెప్పుకుంటాం?"

"నాకూ ఆ భయం ఉందమ్మా," అన్నారాయన. "అయినా పోయించు."

పోయించింది. చువ్వల గూడు దగ్గర దగ్గరగా అల్లిన బుట్టలా ఉంది. పైనుంచి కాంక్రీటు వదిలితే కంకర చువ్వల మీదే ఆగిపోయింది. కాంక్రీటుని అదిరించి సర్దే వైబ్రేటరు గొట్టం దించడానికి సందు దొరక్క, పనివాళ్లు అంచుల్లోంచి ఎలాగో దూర్చి కదిలించారు. అచ్చు పలకల పక్కన సిమెంటు పాలు నున్నగా జారి నిండాయి. "దిగింది, దిగింది," అన్నాడు దాలినాయుడు. అతనికి తొందరగా తేలిపోతే అంతే చాలు.

పలకలు విప్పే రోజు వచ్చింది. మొదటి పలక ఊడింది. లోపలి ముఖం అద్దంలా నున్నగా ఉంది. రెండోది, మూడోది కూడా అంతే. ఎక్కడా గీత లేదు, చిల్లు లేదు. సుచరితకు ఇన్నాళ్లూ పడ్డ భయమంతా వృథా, చేసిందంతా మంచిదే అనిపించింది. మాస్టారు చిన్న సుత్తి ఆమె చేతికిచ్చి, "కొట్టి చూడు," అన్నారు.

కొట్టింది. ఠంగుమంది. ఒక అడుగు పక్కకి జరిగి కొట్టింది. ఠంగుమంది. చువ్వలు బాగా ఒత్తుగా ఉన్న చోటికి వచ్చి కొట్టింది. డొబ్బుమంది. ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు.  మళ్లీ మెల్లిగా కొట్టింది, తప్పుగా విన్నానేమోనని. అదే చప్పుడు.

బ్రేకరు తెచ్చి పైపొర ఊడగొట్టారు. లోపల తేనెపట్టులా ఉంది. కంకరకీ కంకరకీ మధ్య సిమెంటు అంటుకోలేదు. నడిమధ్యన కొబ్బరికాయ పట్టేటంత బోలు. అందులో ఆమె అదనంగా వేసిన చువ్వలే, కాంక్రీటు తడి కూడా తగలక, కొట్టు నుంచి తెచ్చిన రంగులోనే కనిపిస్తున్నాయి. ఇది నేల మీద ముక్క. ఏట్లో, స్తంభం నెత్తిన, ఇదే నున్నటి ముఖంతో ఉంటే ఎవరు కొట్టి చూసేవారు? సుచరిత సిమెంటు బస్తా మీద కూర్చుండిపోయింది. ఫోనులో చూసిన ఆ స్కూటరు ఇప్పుడు ఈదురుగెడ్డ మీద ఆగినట్టనిపించింది.

"చిన్న కంకర వాడదాం మాస్టారూ," అంది. "పల్చగా జారే కాంక్రీటు వాడదాం. అప్పుడు దిగుతుంది."

"వాడొచ్చు," అన్నారు మాస్టారు. "ముందు నాకొకటి చెప్పు." జేబులోంచి సుద్దముక్క తీసి, బయటపడ్డ చువ్వ మీద గీత పెట్టారు. "ఇది ఎందుకుంది?"

"దూలాల బరువుకి."

"ఇది?"

"లారీలు ఒక పక్కనే ఎక్కితే మెలి తిరక్కుండా."

"ఇది?"

"భూకంపం వస్తే..."

"మంచిది. ఇది?"

సుచరిత తన లెక్కలో దాని చోటు వెతికింది, దొరకలేదు. ఆయన పక్క చువ్వ మీద గీత పెట్టారు. దానికీ జవాబు లేదు. ఆ పక్కదానికీ లేదు. నాలుగోదాని దగ్గర సుద్ద ఆగింది. ఆయన తొందరపెట్టలేదు.

"భయమేసి వేశాను మాస్టారూ," అంది. చుట్టూ పనివాళ్లున్నారని కూడా చూసుకోలేదు. కళ్లనీళ్లు వచ్చేశాయి.

"దీనికోసం కూడా ఎక్కడో కొండ తవ్వారు, కొలిమి కాల్చారు," అన్నారాయన ఆ చువ్వని తట్టి. ఆ మాటలో కోపం లేదు. "ఉత్తినే ఉన్నా సరిపోయేది. ఇది కాంక్రీటుకి చోటు లేకుండా చేసింది."

ఆ తర్వాతి రోజులు సుచరితకు ముందటి రోజులకన్నా కష్టంగా గడిచాయి. చువ్వలు వెయ్యడానికి ధైర్యం అక్కర్లేకపోయింది. తియ్యడానికి కావలసొచ్చింది. ఒక్కొక్క గీతా చెరిపేటప్పుడు ఇదే అసలు మొయ్యాల్సిందేమో అనిపించేది. చెరిపి, లెక్క మళ్లీ చేసి, మళ్లీ గీసి, మళ్లీ చెరిపేది. మాస్టారు పక్కనే కూర్చుని తన పని చేసుకునేవారు. తీసెయ్యమని గాని, ఉంచమని గాని ఒక్కసారి కూడా చెప్పలేదు. "దీనికి పని ఉందా?" అని మాత్రం అడిగేవారు. చివరికి కాగితం మీద జవాబున్న చువ్వలే మిగిలాయి. అవి లెక్క కోరినదానికి తక్కువా కాదు, ఎక్కువా కాదు. మధ్యమధ్యన వైబ్రేటరు గొట్టం దిగేటంత చోటు ఉంది. కొత్త డ్రాయింగు ప్రకారం ఇంకో ముక్క పోశారు. ఈసారి ఆమె సుత్తితో ప్రతి జానెడూ కొట్టి చూసింది. ఆ ముక్కని మధ్యకి కోయించి లోపల కూడా చూసింది. కంకర సిమెంటులో కలిసిపోయి, తెల్లటి రాయి కోసినట్టుంది. దాలినాయుడు తల పంకించాడు. అతని చూపు కొండల మీది మబ్బు మీదే ఉంది.

అతను భయపడ్డట్టే అయింది. ఆ ఏడు వాన ముందొచ్చింది. ఆఖరి క్యాప్ పోస్తుంటేనే చినుకులు మొదలయ్యాయి. టార్పాలిన్లు కట్టి ఎలాగో ముగించారు. ఒక పక్క దూలాలు ఎక్కాయి. రెండో పక్క ఎక్కించడానికి క్రేను గెడ్డలోకి దిగకముందే ఎర్రటి వరదనీళ్లు దిగాయి. వంతెన సగంలో ఆగిపోయింది. పరీక్షకి పోయిన రోజులు చేతిలో ఉంటే ఆ దూలాలు కూడా ఎక్కేవని సుచరితకు తెలుసు. అందరికీ తెలుసు.

వరద కాస్త తీశాక ఎర్రమ్మ గంపతో కొండచుట్టూ తిరిగి వచ్చింది. షెడ్డు దగ్గర ఆగింది గాని ఎప్పుడూ అడిగే మాట అడగలేదు. "దాటిస్తానన్నావు," అంది అంతే. సుచరితకు చెప్పాల్సింది చాలా ఉంది. లోపల బోలు సంగతి, సుత్తి చప్పుడు సంగతి. అవేవీ ఆ గంప బరువు తగ్గించేవి కావు. "ఈయేడు కాలేదమ్మా. తప్పు నాదే," అంది. ఎర్రమ్మ ముఖం తిప్పుకుని సంత వైపు వెళ్లిపోయింది. మాస్టారు షెడ్డు గుమ్మంలో నిలబడి అంతా విన్నారు.  ఆ సాయంత్రం ఇద్దరూ గట్టున నిలబడి, వరద స్తంభాలకు కొట్టుకుని సుడులు తిరగడం చూశారు. నీళ్లు కొట్టిన ప్రతిసారీ సుచరిత చూపు పైన క్యాప్‌ల మీదికి పోయేది.

మరుసటి ఎండాకాలం మిగతా దూలాలు ఎక్కాయి. పైన రోడ్డు పడింది. లారీల నిండా ఇసక నింపి వంతెన మీద నిలబెట్టి, ఎంత వంగుతుందో కొలిచారు. వంగాల్సినంతే వంగింది, లారీలు దిగాక మళ్లీ లేచింది. వంతెన తెరిచిన రోజు అటువాళ్లు ఇటూ ఇటువాళ్లు అటూ ఊరికే నడిచి చూశారు. బస్సు వచ్చింది. దాని కిటికీలోంచి ఎర్రమ్మ, గంప ఒళ్లో పెట్టుకుని కిందికి నీళ్ల వైపు చూస్తూ వెళ్లింది. సుచరిత ఉన్నదని చూసిందో లేదో తెలియదు.

సుచరితకు వేరే చోటికి పని మారింది. వెళ్లేముందు మాస్టారితో కలిసి వంతెన ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. నడిమధ్యకి వచ్చేసరికి ఇటుకల లారీ ఒకటి పక్కనుంచి పోయింది. అరికాళ్ల కింద రోడ్డు సన్నగా అదిరింది. అది మామూలే, అలా అదరకపోతేనే అనుమానించాలి. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. అయినా చెయ్యి వెళ్లి పిట్టగోడ పట్టుకుంది.

"అందరూ కబుర్లు చెప్పుకుంటూ దాటేస్తున్నారు మాస్టారూ," అంది. "నాకే బరువు బండి ఎక్కినప్పుడల్లా గుండె జారిపోతోంది. చువ్వలు తీసేశాను గాని ఇది పోలేదు. ఎప్పుడు పోతుంది?"

మాస్టారు పిట్టగోడ మీంచి వంగి కిందికి చూశారు. స్తంభం మొదట్లో నీళ్లు పునాది చుట్టూ ఉన్న ఇసకని కొద్దిగా కోసుకుంటూ పోతున్నాయి.

"పోగొట్టుకోకమ్మా," అన్నారు. "ఏటా వానలు వెనకబట్టాక ఒకసారి ఇక్కడికి రా. ఆ భయానికి కింద బోలెడు పని ఉంటుంది."