ప్రతి గూటికీ ఒక ముడి

అనగనగా ఒక అడవిలో ఒక వాగు, వాగు మీదికి వంగిన ఈతచెట్టు, చెట్టు నిండా గిజిగాళ్ళు. గాలివానకు కూడా ఊడని ముడి ఒకటి వాళ్ళ దగ్గర ఉండేది. అది ఏ ఒక్కరి సొంతమూ కాదు. అడిగినవాళ్ళకు నేర్పాలి, నేర్చుకున్నవాళ్ళు మరొకరికి నేర్పాలి. అంతే కట్టుబాటు. రోజూ పొద్దున్నే అందరూ కబుర్లాడుకుంటూ గూళ్ళు అల్లేవాళ్ళు.

ఒకరోజు డేగ వచ్చి వాలింది.

"ఆ ముడి నాది. నా గోళ్ళ వంపు చూసి నేర్చుకున్నారు. నన్నడక్కుండా కడితే గూళ్ళు పీకేస్తా!" అంది.

వట్టి అబద్ధం! కానీ డేగతో వాదించేదెవరు?

ఆ గిజిగాళ్ళలో అల్లికకు దిట్ట రెల్లయ్య. డేగ అతణ్ణి పిలిచి, "ముడి నాదేనని ఒప్పుకో. నువ్వు ముడి వేసిన గూటిని ముట్టను" అని అడవంతా వినేలా మాటిచ్చింది. అతని గూట్లో పసిపిల్లలున్నారు మరి. రెల్లయ్య తలూపాడు.

మొదటి రోజు తమ్ముడొస్తే ముడి వేశాడు. రెండో రోజు మామ వస్తే వేశాడు. మూడో రోజు ముసలి పోచయ్య వచ్చాడు. రెల్లయ్యకు ఆ ముడి నేర్పింది ఆయనే.

"నా గూటికీ ఒకటి వెయ్యి నాయనా."

"ఇంకా వేస్తే డేగకు కోపమొస్తుందేమో తాతా" అని రెల్లయ్య మొహం తిప్పుకున్నాడు.

ఆ సాయంత్రమే డేగ పోచయ్య గూడు పీకేసింది. గుడ్లు వాగులో పడ్డాయి.

మర్నాడు పోచయ్య అందరినీ పిలిచి కట్టుబాటుకు ఇంకో మాట చేర్చాడు. "ముడి వేసేవాడికి అభయం దొరికితే అది అందరికీ దక్కాలి. కొందరికే దాచుకునేవాడు మనతో కలిసి అల్లకూడదు."

ఆ రోజు నుంచి రెల్లయ్య ఒంటరిగానే అల్లేవాడు. అతని గూడు భద్రంగానే ఉంది. కానీ అవతలి కొమ్మ మీద ఎవరైనా నవ్వితే ఇక్కడ అతని ముక్కులోంచి పోచ జారిపోయేది. ఎందుకు నవ్వారో చెప్పేవాళ్ళు లేరు. ఒక్క పూట వాళ్ళ మధ్య కూర్చుంటే చాలనిపించేది. "నాన్నా, మనం అక్కడికి ఎప్పుడు వెళ్తాం?" అని పిల్లలు రోజూ అడిగేవాళ్ళు.

ఒక పొద్దున ఇక ఉండలేకపోయాడు. ప్రతి గూటి దగ్గరికీ వెళ్ళి, "ఒక్క ముడి వెయ్యనివ్వండి" అని బతిమాలి మరీ వేశాడు.

డేగ వచ్చి చూసి, "ఇదేం మోసం!" అని అరిచింది.

"మోసమేముంది? నేను ముడి వేసిన గూటిని ముట్టనన్నావు. ఇవన్నీ నేను వేసినవే. రేపు కట్టేవాటికీ వేస్తాను. ఆ ముడి మాత్రం నీది కాదు, పోచయ్య తాత నేర్పింది. మాట తప్పుతావా, తప్పు. అడవంతా చూస్తోంది" అన్నాడు రెల్లయ్య.

డేగ ఒకసారి చుట్టూ చూసి ఎగిరిపోయింది.

పోచయ్య కాస్త పక్కకు జరిగి, "రా, కూర్చో" అన్నాడు. అన్నాళ్ళూ కలవరించిన చోటే రెల్లయ్య కూర్చున్నాడు. ఎదురుగా పోచయ్య పాత గూడు వేలాడిన కొమ్మ ఖాళీగా ఉంది. అటు చూడలేక తలదించుకుని అల్లసాగాడు.

నీతి: అందరూ పంచిన విద్యతో బతికేవాడు, తనకు దొరికిన రక్షణను కూడా అందరికీ పంచాలి.