పలకకెక్కిన నూట ఎనిమిది బిరుదులు

"భోజనాల వేళకి ఈ పలక తెరుచుకోవాలి! తెరిచినవాడికి ముత్యాల హారం. తెరుస్తానని ముందుకొచ్చి తెరవలేనివాడికి ఏనుగుల సావిడిలో చాకిరీ!" అన్నాడు కొండమల్లెల రాజు మదనభూపతి.

పలకంటే మన టాబ్లెట్టే. రాజుల కాలంలో టాబ్లెట్ ఎక్కడిదని అడక్కండి. అడిగితే కథ కూడా ఆ పలకలాగే మొదట్లోనే ఆగిపోతుంది.

ఎవరో పరదేశి వర్తకుడు రాజుకి దాన్ని కానుకగా ఇచ్చాడు. కాలువ నీళ్ల వంతులన్నీ రాజు అందులోనే రాయించాడు. మూడు రోజులుగా అది తెరుచుకోవడం లేదు. ఏ ఊరికి ఏ రోజు నీళ్లో తెలియక తూములు మూసేశారు. నారు ఎండిపోతోందని రైతులు కోట గుమ్మం ముందు కూర్చున్నారు.

"నేను తెరుస్తాను ప్రభూ!" అని ఒక గొంతు ఖంగుమంది.

ఎవడ్రా ఈ తెలివితక్కువ దద్దమ్మ అని ఓబన్న సభంతా కలయజూశాడు. అందరూ తనవైపే చూస్తున్నారు. ఆ గొంతు తనదే!

ఓబన్న ఆస్థాన విదూషకుడు. యంత్రాల సంగతంటారా, ఇంట్లో ఉయ్యాల గొలుసు బిగించబోయి అత్తగారిని నేలమీదకు దించిన ఘనుడు. ఆవిడ ఇప్పటికీ అతనితో మాట్లాడదు. అదొక్కటే ఆ పనివల్ల కలిగిన లాభం.

"ఏమోయ్ ఓబన్నా, ఏనుగుల దగ్గర గడ్డి మొయ్యడానికి నీ నడుం ఒంగుతుందా?" అని పకపకా నవ్వాడు శరభశాస్త్రి. ఆయన ఆస్థాన యంత్ర పండితుడు.

"విస్తరి ముందు బాగానే ఒంగుతుందండీ శాస్త్రిగారూ. గడ్డి ముందు ఎప్పుడూ ఒంచి చూడలేదు."

ఓబన్న పలకను ఒళ్లో పెట్టుకుని మీట నొక్కాడు. అది వెలిగింది. 'రాజాధిరాజ, రణరంగ భీకర, కవిజన కల్పవృక్ష' అంటూ రాజుగారి బిరుదులు ఒక్కొక్కటే రావడం మొదలెట్టాయి. నలభై ఒకటోది మరీ బారెడు. 'సకల దిగంత విశ్రాంత కీర్తికాంతా కంఠాభరణ' దాకా వచ్చి పలక ఆయాసపడ్డట్టు ఆగింది. ఈ బిరుదు ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాడు ఓబన్న.

"ఇంకా కాలేదా?" అని రాజు మూడు రోజులుగా చేస్తున్నట్టే చెయ్యి చాపి టక్కున మీట నొక్కాడు. పలక నల్లబడి, మళ్లీ 'రాజాధిరాజ' దగ్గర మొదలెట్టింది.

"ఈ బిరుదులు ఎవరు ఎక్కించారండీ?"

"నేనే!" అని మీసం దువ్వాడు శాస్త్రి. "మూడు రోజుల కిందట. నూట ఎనిమిదీ పలికాకే పలక మిగతా పని చూస్తుంది. వాటి జోలికి వెళ్లావో, అది రాజద్రోహం!"

మూడు రోజుల కిందట! ఓబన్నకి జబ్బేమిటో తెలిసిపోయింది. మందు కూడా తెలుసు. పలకతో వచ్చిన వివరాల కాగితం రాజ్యంలో అతనొక్కడే చదివాడు. చదువు మీద ప్రేమతో కాదు, వంటశాలలో దాంట్లో పకోడీలు కట్టిచ్చారు. నూనె మరకల మధ్య ఇలా ఉంది: "పలక తెరుచుకోకుండా మొరాయిస్తే రెండు మీటలూ కలిపి నొక్కి పట్టుకోండి. హంగులేవీ లేకుండా తెరుచుకుంటుంది. అప్పుడు కొత్తగా ఎక్కించినవి తీసేయండి."

తీసేయడమా? రాజుగారి బిరుదుల్నా? ఆ మాట అన్న నోరు మళ్లీ పకోడీ ఎరుగుతుందా? ఓబన్న మీటల మీద నుంచి వేళ్లు తీసేశాడు. బయట రైతుల మాటలు వినిపిస్తుంటే తనమీద తనకే సిగ్గేసింది.

అంతలో భోజనాల గంట మోగింది. ఓబన్న బుర్ర ఎప్పుడూ ఆ గంటకే పనిచేస్తుంది.

"ప్రభూ, చిన్న మనవి. పలకకి జరిగే మర్యాద తమకి జరక్కపోతే ఎలా? ఇవాళ తమ స్తుతులు పాడే వంది, నూట ఎనిమిది బిరుదులూ చదివాకే తమరు మొదటి ముద్ద ముట్టాలి. మధ్యలో ఏ అడ్డొచ్చినా మళ్లీ మొదట్నుంచి."

"భేష్! ఇన్నాళ్లకి ఒక్క మంచిమాట అన్నావు!" అన్నాడు శాస్త్రి.

సభంతా భోజనశాలకి తరలింది. రాజు విస్తట్లో గారెలు పొగలు కక్కుతున్నాయి. పక్కనే అల్లం పచ్చడి. వంది గొంతెత్తాడు. ముప్పయ్యో బిరుదు దగ్గర రాజు ఉండబట్టలేక, "త్వరగా కానీవయ్యా!" అన్నాడు.

వంది ఆగి, గొంతు సవరించుకుని, "రాజాధిరాజ..." అన్నాడు.

"మళ్లీ మొదటికొచ్చావేం?" అన్నాడు రాజు.

"రాజాధిరాజ..."

ఈసారి రాజు పళ్లు బిగబట్టుకుని నలభై దాకా వచ్చి, పచ్చడి ఘాటుకి తుమ్మాడు.

"రాజాధిరాజ..."

రాజు విస్తరి ముందునుంచి ఎగిరి లేచాడు. "ఆపండి! ఆ బిరుదులన్నీ పీకి పారేయండి! నేను ఉత్త మదనభూపతిని! నన్ను గారె తిననివ్వండి!"

ఓబన్న చేతులు కట్టుకున్నాడు.

"ఆ మాటే ప్రభూ, పలక మూడు రోజులుగా మొత్తుకుంటోంది."

రాజు గారె పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "అయితే నేను మీట నొక్కినప్పుడల్లా..."

"తమరు తుమ్మినట్టే ప్రభూ."

రాజుకి ముందు కోపం వచ్చింది. తర్వాత నవ్వు తన్నుకొచ్చింది. "తీసెయ్!" అన్నాడు.

ఓబన్న రెండు మీటలూ కలిపి పట్టుకున్నాడు. ఉత్త పలక తెరుచుకుంది. బిరుదులు తీసేసి, ఆర్పి వెలిగించాడు. రాజు గారె కొరికేలోపు నీళ్ల వంతులు కళ్లముందున్నాయి. ఇవాళ దిగువ కాలువ ఊళ్లకి! కబురు అందగానే రైతులు తూముల వైపు పరుగెత్తారు.

రాజు హారం తీసి ఓబన్న మెడలో వేస్తూ శాస్త్రి వైపు ఉరిమి చూశాడు. "పలక ప్రతిసారీ ఆ నలభై ఒకటో బిరుదు దగ్గరే కదా చతికిలపడింది? ఆ బారెడు చెత్త రాసిందెవరు?"

"నూట ఏడు నేను రాశాను మహాప్రభూ," అని నసిగాడు శాస్త్రి. "అదొక్కటి మాత్రం ఓబన్న రాసిచ్చాడు. రెండు పళ్లాల పకోడీలు పుచ్చుకుని."

ఓబన్న నాలుక కరుచుకున్నాడు. ఎక్కడ విన్నాడో ఇప్పుడు గుర్తొచ్చింది.

"హారం నీదే. కానీ రేపు మీ ఇద్దరూ ఏనుగుల సావిడికి వెళ్లి తెల్లారేసరికి ఏనుగుల్ని లేపండి!" అన్నాడు రాజు.

"అది తేలికే ప్రభూ," అన్నాడు ఓబన్న. "వాటికి నేనింకా బిరుదులు రాయలేదు."

రాజు పొలమారేలా నవ్వాడు. వంది మాత్రం, ఈ పొలమారడం కూడా అడ్డు కిందికి వస్తుందేమోనని మళ్లీ "రాజాధిరాజ..." అందుకోబోయాడు. సభంతా లేచి అతని నోరు మూసింది.