సొరచేపా, చుంచెలుకా

సముద్రపు ఒడ్డున ఒక రేవుకు జగ్గరాజు దొర. గాలికి మేడ కట్టుకోవాలని, పోలమ్మ చేపలు ఎండబెట్టుకునే జాగా మీద ఆయన కన్ను పడింది. ఒడ్డంతా ఉన్నా గాలి అక్కడే బాగా వీస్తుందట!

"నేను సొరచేపను, నువ్వు చుంచెలుకవు. సొర వస్తే చుంచెలుక తప్పుకోవాలి," అన్నాడు.

"అలాగే దొరా. కానీ జాగా పుచ్చుకునేవాళ్ళు ఇచ్చేవాళ్ళ ఇంట ఒక పూట తినాలి. అది మన రేవు ఆచారం. రేపు భోజనానికి రండి," అంది పోలమ్మ.

మర్నాడు దొర వచ్చి పీట మీద కూర్చున్నాడు. పోలమ్మ వేడి అన్నంలో సొరపిట్టు వడ్డించింది. అల్లం వెల్లుల్లి దట్టించిన ఆ పిట్టును దొర లొట్టలేసుకుంటూ తిని, మళ్ళీ అడిగి వేయించుకున్నాడు.

అప్పుడామె మూలనున్న బుట్ట మూత తీసింది. అందులోని చుంచెలుక కిచకిచమంటూ వచ్చి పీట కింద దూరింది. దాని కంపుకి దొర ముక్కు మూసుకుని, ఎంగిలి చేత్తోనే గుమ్మం బయటికి ఉరికాడు.

"చూశారా దొరా! సొరనేమో మీరు తినేశారు. చుంచెలుక వస్తే మీరే తప్పుకున్నారు," అంది పోలమ్మ.

దొర పకపకా నవ్వాడు.

"జాగా నీదే పోలమ్మా. ఆ మిగిలిన పిట్టు మాత్రం ఇలా అరుగు మీదికి పట్రా!"