కంచు చిలుకకు చెప్పని ఎత్తు

అనగనగా కొండల నడుమ ఒక ఏరు, ఆ ఏటి ఒడ్డున తుమ్మెదకోట అనే చిన్న రాజ్యం ఉండేవట. ఏటి నుంచి తవ్వుకున్న మూడు కాలువలే ఆ రాజ్యానికి ప్రాణం. రెండు పొలాలకు, మూడోది తాగే నీళ్లకు.

ఆ కాలువలు మావేనని అవతలి ఒడ్డు పాలగట్టు రాజు పేచీ పెట్టాడు. కత్తులు దూయడమెందుకని ఇద్దరు రాజులూ చదరంగానికి ఒప్పుకున్నారు. మూడు ఆటలు, మూడు కాలువలు. ఏ ఆట ఎవరు గెలిస్తే ఆ కాలువ వాళ్లది. ఆడేటప్పుడు గుడారంలో ఆడేవాళ్లిద్దరే ఉండాలి. మూడో మనిషి తొంగి కూడా చూడకూడదు.

తుమ్మెదకోట తరఫున ఆడింది మైలమ. ఆమె బుద్ధి పదునే కానీ, గుండెలో బెరుకు. ఎందుకంటారా? ఆమెకు ముందు ఆస్థానంలో ఆడిన పోలన ఒకే ఒక్క తప్పు ఎత్తు వేశాడని రాజుగారు అతణ్ణి కొండ మీది చెరసాలకు పంపారు. పోలన తిరిగి రాలేదు. సభలో నిలబడితే ఆ చెరసాల కిటికీ కనబడుతుంది. మైలమ అటు చూడడమే మానేసింది.

రాజుగారి దగ్గర ఒక కంచు చిలుక ఉంది. కంచరి వీరయ్య అనే ముసలాయన ముప్పై ఏళ్లు కష్టపడి చేసిన యంత్రమది. ఆట అయ్యాక ఆడినవాళ్లే ప్రతి ఎత్తూ వరసగా దానికి వల్లించాలి. చిలుక కడుపులో పళ్లచక్రాలు గిర్రున తిరిగి, తప్పు ఎక్కడ జరిగిందో, అక్కడ ఏ ఎత్తు వెయ్యాల్సిందో చెప్పేది. అది ఆ సభ ఆచారం.

మొదటి ఆట మొదలైంది. ఎదురుగా పాలగట్టు ఆటగాడు జగ్గన. అతని గుర్రం గెంతుతూ మైలమ రాజు దగ్గరికి వచ్చింది. మైలమ బెదిరిపోయింది. గబుక్కున రాజు ముందున్న బంటును ముందుకు తోసింది. రాజుకు చాటు లేకుండా పోయింది.

"ఏం తల్లీ, గుర్రం కరుస్తుందనుకున్నావా?" అని నవ్వాడు జగ్గన. నాలుగు ఎత్తుల్లో ఆట కట్టు.

సభలో ఎత్తులు వల్లిస్తూ ఆ చోటికి వచ్చేసరికి ఆమెకు పోలన గుర్తొచ్చాడు. రాజుగారి కళ్లు ఆమె మీదే ఉన్నాయి.

"అప్పుడు... ఏనుగును పక్కకు జరిపాను" అంది. మిగతా ఎత్తులు ఆ అబద్ధానికి అతికేలా అల్లింది.

చక్రాలు తిరిగాయి. "ఏనుగు ఎత్తు మంచిదే. మొదట్లో మంత్రిని తొందరపడి బయటికి తెచ్చావు. అది మానుకో" అంది చిలుక.

ఆ సాయంత్రం పాలగట్టువాళ్లు మొదటి కాలువకు నీళ్లు రాకుండా తూము తలుపు దించేశారు. తలుపు రాతికి తగిలిన చప్పుడు ఊరంతా వినబడింది.

రెండో ఆటలో మైలమ మంత్రిని తొందరపెట్టలేదు. ఏం లాభం? గుర్రం వచ్చింది, చెయ్యి తనంతట తానే బంటు మీదికి పోయింది. ఆట కట్టు. మళ్లీ సభ, మళ్లీ అదే అబద్ధం.

ఈసారి చక్రాలు తిరిగి తిరిగి కీచుమని ఆగాయి. "ఈ ఆటలో నాకు తప్పేదీ కనబడలేదు. నీ రాజు ఎలా చిక్కాడో నాకు అంతుపట్టడం లేదు" అంది చిలుక.

రాజుగారు గద్దె మీంచి లేచారు. "రెండు కాలువలు పోతే తప్పు కనబడలేదా? ఈ బొమ్మను కరిగించండి! చేసినవాణ్ణి కొండకు పంపండి!"

"ప్రభూ, నా చిలుక విన్నదాన్ని బట్టే కదా చెబుతుంది..." వీరయ్య మాట పూర్తికాకముందే భటులు ఆయన రెక్కలు పట్టుకున్నారు. చక్రాలకు పోసే నూనెగిన్నె ఆయన చేతిలోంచి జారి నేల మీద దొర్లింది.

మైలమ ఆ గిన్నెనే చూస్తూ నిలబడిపోయింది. నోరు విప్పితే తనకు కొండ. విప్పకపోతే ఈ ముసలాయనకు కొండ, రేపు ఊరికి దాహం. భటులకు అడ్డంగా వెళ్లి నిలబడింది.

"ఆయన్ని వదలండి ప్రభూ! అబద్ధం చెప్పింది నేను. జరిపింది ఏనుగును కాదు. బంటును తోశాను. రెండు ఆటల్లోనూ."

"ఎందుకు దాచావు?"

"ఇక్కణ్ణుంచి పోలన కిటికీ కనబడుతుంది ప్రభూ. అందుకు."

రాజుగారు తిరిగి ఆ కిటికీ వైపు చూశారు. "ముసలాయన్ని వదలండి. నీ సంగతి రేపు చూస్తాను. ముందు చిలుకకు నిజం చెప్పు" అన్నారు.

మైలమ రెండు ఆటలూ ఉన్నవి ఉన్నట్టు వల్లించింది. చిలుకకు ఈసారి రెప్పపాటు చాలింది.

"గుర్రాన్ని చూడగానే బంటును తోస్తున్నావు. అది ఉత్త బెదిరింపు. బంటును ముట్టకు."

మూడో ఆట. గుర్రం వచ్చింది. మైలమ చెయ్యి లేచింది. ఆ కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుంది. తూము దిగిన చప్పుడు చెవుల్లో మోగుతూనే ఉంది. నెమ్మదిగా ఏనుగును పక్కకు జరిపింది.

జగ్గన నవ్వు ఆగిపోయింది. గుర్రం దారి లేక ఇరుక్కుంది.

"ఇన్నాళ్లూ ఈ ఎత్తు ఎక్కడ దాచావమ్మా?"

"రెండుసార్లు నోటితో వేశానయ్యా. చేత్తో వెయ్యడం ఇదే మొదలు."

పొద్దు వాలకముందే జగ్గన రాజుకు ఆట కట్టింది. తాగేనీళ్ల కాలువ దక్కింది. రాజుగారు మైలమను శిక్షించలేదు. భటులను పంపకుండా తానే కొండెక్కి, పోలనను చెయ్యి పట్టుకుని కిందికి తీసుకొచ్చారు. ఆ కిటికీకి ఇటుకలు పెట్టి మూసేశారు. పోయిన రెండు కాలువలు మాత్రం తిరిగి రాలేదు.

అందుకే పిల్లలూ, చేసిన తప్పును ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటేనే ఎంత గొప్ప గురువైనా దిద్దగలడు. నిజం చెప్పినవాణ్ణి భయపెట్టకుండా ఉంటేనే ఆ తప్పు బయటికి వస్తుంది.