పదమూడు అక్షరాల పేరు

కాకినాడలో భానుమూర్తి గారనే పెద్దాయన దగ్గర నలుగురైదుగురు సీ భాషలో కంప్యూటరు ప్రోగ్రాములు రాయడం నేర్చుకునేవారు. ఎవరైనా సందేహం అడిగితే ఆయన వెంటనే బదులు చెప్పేవారు కాదు. ఆ ప్రోగ్రాము పనిచేసే చోటికే వెళ్లి చూద్దాం పద అనేవారు.

ఆయన శిష్యురాలు ఇందుమతి ఒక చిన్న ఆసుపత్రి ల్యాబు కోసం, రక్తం తీసిన గొట్టాల మీద అంటించే లేబుళ్లు అచ్చువేసే ప్రోగ్రాము రాసింది. పేరుకి అరవై నాలుగు బైట్ల చోటు కేటాయించి, పేరుని అందులో కూర్చే ప్రోగ్రాము ముక్కకు, అంటే ఫంక్షనుకు, ఆ హద్దు కూడా చెప్పింది. హద్దు చెప్పకపోతే పొడవాటి పేరు పక్కనున్న మెమొరీలోకి పొర్లి ప్రోగ్రామంతా పాడవుతుందని ఆమెకు తెలుసు. పని మొదలయ్యే రోజు ఉదయం గురువుగారిని అడిగింది.

“పేరు ఎంత పొడవున్నా ఆ హద్దు దాటి రాయదు మాస్టారూ. ఇక భయం లేనట్టేనా?”

ఆ పూట తానూ ల్యాబుకు వస్తానన్నారాయన. అక్కడ పరీక్షలు చేసే మేరీరత్నం గారితో, ఫలితాలు బయటికి పంపేముందు ఈ ఒక్కరోజూ లేబుళ్లు కళ్లారా చదవమని చెప్పి, ఓ మూల స్టూలు మీద కూర్చున్నారు.

పదకొండింటికి ఇద్దరు కవలలు జ్వరంతో వచ్చారు. అక్క గుడిమెట్ల వీరవెంకట సత్యవతి, చెల్లెలు గుడిమెట్ల వీరవెంకట సత్యవాణి. డెంగీ ఏమోనని ఇద్దరికీ రక్తం తీశారు. గంట తరవాత ఒక గొట్టంలో ప్లేట్‌లెట్లు లక్షన్నర, రెండోదానిలో పద్దెనిమిది వేలు అని తేలింది. ఆ రెండో మనిషిని వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. మేరీరత్నం గారు గొట్టాలు రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. రెండింటి మీదా ‘గుడిమెట్ల వీరవెంకట సత్’ అని ఉంది, ఆపైన ఒక ఖాళీ గడి. వయసూ ఒకటే.

“వీటిలో సత్యవతిది ఏదమ్మా?” అని ఆవిడ మెల్లగా అడిగారు.

మళ్లీ రక్తం తీయడం తప్ప దారి లేకపోయింది. సత్యవాణి వెంటనే చెయ్యి చాపింది. గోడకు ఆనుకుని కూర్చున్న సత్యవతి మాత్రం సూది చూసి, ఇందాకే తీశారు కదా అంది, నీరసంగా. నరం దొరక్క ఆమెకు మూడుసార్లు గుచ్చారు. అంతసేపూ ఆమె రెండో చెయ్యి పట్టుకుని కూర్చున్నది ఇందుమతే. ఈసారి మేరీరత్నం గారు పేర్లు చేత్తో రాశారు. తక్కువున్నది సత్యవతికేనని తేలింది. అంబులెన్సు వచ్చి తీసుకెళ్లింది. ప్లేట్‌లెట్లు ఎక్కించారనీ, ప్రమాదం లేదనీ సాయంత్రానికి ఫోను వచ్చింది.

ఈలోగా ఇందుమతి ప్రోగ్రాము ఆపేసింది. పదమూడు అక్షరాల పేరు అరవై నాలుగింటిలో ఎందుకు పట్టలేదో ముందు ఆమెకు బోధపడలేదు. తరవాత వేళ్ల మీద లెక్కపెట్టి చూసింది. ఇంగ్లీషులో అక్షరానికి ఒక్క బైటు చాలు; తెలుగులో అక్షరానికి మూడు బైట్లు, దానికి తగిలించే గుడికి మూడు, ఒత్తుకి ఇంకో ఆరు. పేరు పూర్తిగా రాయడానికి ఎన్ని బైట్లు కావాలో ఫంక్షను ప్రతిసారీ తిరిగి చెబుతుంది, అదేం చెప్పిందో చూడమన్నారు భానుమూర్తి గారు. అవే పేర్లతో మళ్లీ నడిపి చూస్తే అక్కకు డెబ్బై నాలుగు, చెల్లెలికి డెబ్బై ఏడు. పొద్దున ఆ రెండు సంఖ్యలనూ ఆమె ప్రోగ్రాము ఎక్కడా దాచుకోలేదు, చూడనూ లేదు.

“అది చెప్పింది మాస్టారూ, నేనే వినలేదు,” అంది.

ఆయన తల ఊపారు.

ఇంటికి వెళ్లే బస్సులో ఇందుమతి ఉన్నట్టుండి మాస్టారి వైపు తిరిగింది. ఆ అరవై నాలుగుని రెండువందల యాభై ఆరు చేస్తాననీ, అప్పుడు సరిపోతుందనీ అంది.

భానుమూర్తి గారు ఆమె వైపు చూసి, “ఎవరి పేరుకమ్మా?” అన్నారు.